రేవులో కట్టేసిన ఓడ ఏం చెబుతుంది? సముద్ర పక్షుల రక్షణకు నాలుగు పద్ధతులు, వాటి తనిఖీ

ఎనిమిది నెలలు సముద్రం మీద తిరిగొచ్చిన ట్యూనా లాంగ్‌లైన్ ఓడ రేవులో కట్టి ఉంది. మీ చేతిలో ఉన్నది రెండు గంటలు. ఆ తర్వాత చేపలు దించడం మొదలవుతుంది, ఇక డెక్ మీద నిలబడటానికి చోటుండదు. పిట్టలు గాలాలకు చిక్కి చావకుండా ఈ ఓడ జాగ్రత్తలు తీసుకుందా లేదా అన్నది ఈలోపే తేల్చాలి. అక్కడ పిట్ట ఈక కూడా కనిపించదు. చచ్చినవాటిని ఎప్పుడో, ఎక్కడో నీళ్లలోకి విసిరేసి ఉంటారు.

నిబంధనలు తిరగేస్తే ప్రధానంగా నాలుగు పద్ధతులు కనిపిస్తాయి: టోరీ లైన్ (పిట్టలను బెదిరించే తాడు), బరువు కట్టిన గాలపు తాళ్లు, రాత్రిపూట మాత్రమే గాలాలు వేయడం (రాత్రి సెట్టింగ్), గాలానికి తొడిగే కవచం. సముద్రం మీద ఏది ఎంత బాగా పనిచేస్తుందన్న దాని మీద చర్చ చాలానే జరిగింది. ఇక్కడ పోల్చేది వేరే సంగతి. ఆగి ఉన్న ఓడ మీద వీటిలో దేన్ని నమ్మకంగా తనిఖీ చేయగలం? తనిఖీ అధికారికి, లైసెన్సు షరతులు రాసేవారికి, ఓడ యజమానికి, చేప కొనే కంపెనీకి ప్రశ్న ఒకటే. జవాబు మాత్రం ఒకటి కాదు.

## పిట్ట గాలానికి ఎలా చిక్కుతుంది

లాంగ్‌లైన్‌లో ప్రధాన తాడు పదుల కిలోమీటర్లు ఉంటుంది, వంద దాటేవీ ఉన్నాయి. దానికి వేలాడే పిల్ల తాళ్లే బ్రాంచ్ లైన్లు. ఒక్కోదాని చివర గాలం, గాలానికి ఎర. పెద్ద ఓడ ఒక్క విడతలో రెండు మూడు వేల గాలాలు వేస్తుంది. ఓడ వెనక పడ్డ ఎర మునిగేలోపు కొద్దిసేపు పైపైనే ఉంటుంది. పెద్ద సముద్ర పక్షి ఆల్బట్రాస్‌కు ఆ కొద్దిసేపు చాలు. ఎరతోపాటు గాలాన్నీ మింగుతుంది, మునిగే తాడు దాన్ని కూడా కిందికి లాక్కుపోతుంది. వైట్‌చిన్డ్ పెట్రెల్ లాంటి పిట్టలైతే పది మీటర్లకు మించి మునగగలవు. అవి కిందికెళ్లి ఎరను పైకి తెస్తాయి, పైన కాచుకుని ఉన్న ఆల్బట్రాస్ దాన్ని లాక్కుంటుంది. కష్టం ఒకరిది, గాలం ఇంకొకరికి.

2011లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలోని లాంగ్‌లైన్ల మీద ఏటా కనీసం 1,60,000 సముద్ర పక్షులు చనిపోతున్నాయి, ఆ సంఖ్య 3,20,000 దాటినా దాటొచ్చు. వాండరింగ్ ఆల్బట్రాస్ రెండేళ్లకోసారి ఒక్క గుడ్డు పెట్టే పక్షి. దానికి ఈ లోటు పూడదు.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, వస్తువు ఓడ మీద ఉందా? ఇది తేలిక. రెండోది, దాన్ని నిజంగా వాడారా? అసలు తంటా ఇక్కడే. మూడోది, తనిఖీ కోసం అప్పటికప్పుడు తెచ్చి చూపించడం ఎంత సులువు? నాలుగోది, చూడటానికి ఎంత సమయం పడుతుంది? ఇంకోటి కూడా కలపాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు: డెక్ మీద పనివాళ్లకు అది ఎంత చిరాకు తెప్పిస్తుంది? చిరాకు పెట్టే వస్తువు ఓడ మీద ఉన్నా, అర్ధరాత్రి ఈదురుగాలిలో ఎవరూ దాన్ని బయటికి తీయరు.

కింది పట్టికలో సమయాలు నా లెక్క. డెక్ ఇరుగ్గా ఉన్నా, భాష తెలియకపోయినా పెరుగుతాయి.

| పద్ధతి | రేవులో కంటికి కనిపిస్తుందా | వాడినట్టు ఆధారం | మభ్యపెట్టడం | సమయం |
|---|---|---|---|---|
| టోరీ లైన్ | కనిపిస్తుంది | అరుగుదల, చిరుగులు, అతుకులు | సులువు | అరగంట |
| బరువు కట్టిన తాళ్లు | కనిపిస్తుంది | తాడులో భాగమే కాబట్టి బలమైనది | చాలా కష్టం | ముప్పావు గంట |
| రాత్రి సెట్టింగ్ | కనిపించదు | లాగ్‌బుక్, వీఎంఎస్ (ఓడ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా పంపే పరికరం), కెమెరా | లాగ్‌బుక్ ఒక్కటే ఉంటే సులువు | ఓడ ఎక్కకముందే, ఆఫీసులో |
| గాలం కవచం | కనిపిస్తుంది | లెక్క, వాడకం, కొనుగోలు బిల్లులు | కష్టం | అరగంట |

## డెక్ ఎక్కే ముందు మ్యాపు చూడండి

ఓడ ఎక్కడ వేట చేసిందో తెలియకుండా ఏ నిబంధన వర్తిస్తుందో చెప్పలేం. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2012లో చేసిన నిబంధన ప్రకారం 25 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన వేటాడే లాంగ్‌లైన్ ఓడ టోరీ లైన్, బరువులు, రాత్రి సెట్టింగ్ ఈ మూడింటిలో ఏవైనా రెండు పాటించాల్సి ఉండేది; 2023లో దాని స్థానంలో కొత్త నిబంధన వచ్చింది. అట్లాంటిక్‌లో అక్కడి ట్యూనా కమిషన్ ఐక్యాట్ కూడా 2011లో అదే గీత గీసింది. పశ్చిమ, మధ్య పసిఫిక్ కమిషన్ 2018 నిబంధనలో గీత 30 డిగ్రీల దక్షిణం, అక్కడ గాలం కవచం ఒక్కటే వాడినా సరిపోతుంది.

హిందూ మహాసముద్ర కమిషన్ లెక్కలో ఒక పోర్టు కనీసం 5 శాతం దించివేతలను తనిఖీ చేయాలి. వందలో ఐదంటే, ఆ ఐదు ఏవన్నదే ముఖ్యం. ఉష్ణమండలంలోనే తిరిగొచ్చిన ఓడ మీద టోరీ లైన్ కొలుస్తూ కూర్చుంటే పూట వృథా. వీఎంఎస్ జాడలో 25 డిగ్రీల గీత దాటిన ఓడలను ముందు వేరు చేసుకోండి.

అధికారం విషయానికొస్తే, 2016 జూన్ 5న అమల్లోకి వచ్చిన పోర్టు స్టేట్ మెజర్స్ ఒప్పందం అక్రమ వేటను ఆపడానికి పుట్టింది. దాని అనుబంధం ‘బి’ ప్రకారం కంటికి కనపడకుండా లోపల సర్దిన వేట సామగ్రిని కూడా వీలైనంతవరకు పరిశీలించాలి. ‘అవన్నీ కింద గదిలో ఉన్నాయండీ, తీయడం కష్టం’ అన్న మాట వినబడగానే మీ దేశం ఈ ఒప్పందంలో ఉందో లేదో గుర్తుచేసుకోండి.

## టోరీ లైన్: చూడటానికి తేలిక, నమ్మడం కష్టం

జపాన్ ట్యూనా వేటగాళ్లు తమ ఎర కాపాడుకోవడానికి మొదలుపెట్టిన పద్ధతి ఇది. టోరీ అంటే జపనీస్‌లో పిట్ట. ఓడ అమరంలో, అంటే వెనక కొసన, ఎత్తైన గుంజ నుంచి ఒక తాడు వెనక్కి సాగుతుంది. దానికి రంగురంగుల స్ట్రీమర్లు, అంటే పట్టీలు, వేలాడతాయి. అవి ఊగుతుంటే పిట్టలు ఎర దగ్గరికి రావు.

ఇది పనిచేస్తుందన్న దాంట్లో అనుమానం లేదు. నమీబియాలో సముద్రపు అడుగున వేసే లాంగ్‌లైన్ ఓడలకు 2015లో నిబంధన వచ్చాక పిట్టల చావులు దాదాపు 98 శాతం తగ్గాయి. ఆ టోరీ లైన్లు తయారుచేసింది వాల్విస్ బేలోని మేమే ఇటుంబాపో అనే మహిళా బృందం.

ఆల్బట్రాస్, పెట్రెల్ పక్షుల సంరక్షణ ఒప్పందం, క్లుప్తంగా ఏకాప్, సిఫార్సు ఇది: 35 మీటర్లు, అంతకు మించిన ఓడకు గుంజ ఎత్తు నీటి మట్టం నుంచి కనీసం 8 మీటర్లు, తాడు గాలిలో నిలిచే దూరం 100 మీటర్లు. చిన్న ఓడకు 6 మీటర్లు, 75 మీటర్లు. గాలిలో నిలిచే దూరాన్ని గట్టు పక్కన కొలవలేం, ఓడ కదలాలి. ఎత్తు కొలవొచ్చు. కానీ చేపతో నిండొచ్చిన ఓడ కిందికి కుంగి ఉంటుంది, ఖాళీ అయ్యాక పైకి తేలుతుంది. 8 మీటర్ల దగ్గర్లో ఉంటే ఓడ ఏ స్థితిలో ఉన్నప్పుడు కొలిచారో కూడా రాసుకోండి. లేకపోతే తర్వాత కెప్టెన్‌తో వాదనే మిగులుతుంది.

తాడును గట్టు మీద పొడవునా పరచమనండి. చుట్ట చూసి వదిలేస్తే ఏమీ చూడనట్టే. పెద్ద ఓడకు 5 మీటర్లకు మించని దూరంలో స్ట్రీమర్లు ఉండాలి, అంటే 100 మీటర్లకు సుమారు ఇరవై. లెక్కపెట్టండి. అలల్లేని నీటి మీద చివర నీళ్లను తాకేంత పొడవు ఉండాలి కాబట్టి ఓడకు దగ్గరివి పొడవుగా, దూరం పోయేకొద్దీ పొట్టిగా ఉంటాయి. అన్నీ ఒకే కొలతలో కత్తిరించి ఉంటే దాన్ని కట్టినవాడు ఎప్పుడూ సముద్రం మీద చూడలేదన్నమాట.

ఇక వాడారా అన్నది. ఎనిమిది నెలలు ఎండలో, ఉప్పుగాలిలో ఊగిన స్ట్రీమర్ రంగు వెలిసిపోతుంది, చివర పీచులు లేస్తుంది. తాడు అక్కడక్కడా చిక్కుపడి తెగితే మళ్లీ ముడేసి ఉంటుంది. గుంజ దగ్గర రాపిడి గాట్లు కనిపిస్తాయి. గుంజ బోల్టులు తుప్పుపట్టి బిగిసిపోయి ఉంటే, దాన్ని ఎన్ని నెలలుగా లేపలేదో అర్థమవుతుంది. మడత నలగని, మెరిసిపోయే తాడు కనిపిస్తే అది కొత్తది. ‘పాతది తెగిపోయింది, నిన్ననే ఇది కట్టాం’ అంటారు. నిజం కావచ్చు. పాతదాని ముక్కలు చూపించమనండి. ఓడ మీద పాత తాడు ముక్కను ఎవరూ పారేయరు, ఏదో ఒకటి కట్టడానికి దాచుకుంటారు.

కెప్టెన్‌ను ‘టోరీ లైన్ వాడతారా?’ అని అడగొద్దు, జవాబు ముందే తెలుసు. డెక్ మీది కుర్రాణ్ని అడగండి: దీన్ని ఎవరు వదులుతారు, గాలాలకు చిక్కుకుంటే ఏం చేస్తారు? రోజూ వాడేవాడు చేతులతో చేసి చూపిస్తాడు. భాష రాకపోయినా అర్థమవుతుంది.

## బరువులు: నా ఓటు వీటికే

గాలానికి దగ్గర్లో బ్రాంచ్ లైన్‌కు సీసపు గుండో, బరువైన స్వివెలో (తాడు మెలిపడకుండా తిరిగే లోహపు కీలు) కట్టి ఉంటే ఎర తొందరగా మునుగుతుంది. తాడుతోపాటే తయారయ్యే వస్తువు కావడం దీని గొప్ప. రేవు దగ్గరపడుతోందని ఒక్క రాత్రిలో మూడు వేల తాళ్లకు కట్టలేరు. రేవులో బరువు ఉందంటే సముద్రంలో కూడా ఉందనే లెక్క. మిగతా ఏ పద్ధతికీ ఈ భరోసా లేదు.

బరువు ఎంత, గాలానికి ఎంత దూరం అన్నవి రెండూ కొలవాలి. ఐక్యాట్ 2011, హిందూ మహాసముద్ర కమిషన్ 2012 నిబంధనల్లో మూడు రకాలు ఒప్పుకున్నారు: గాలానికి ఒక మీటరులోపు 45 గ్రాములకు పైగా, మూడున్నర మీటర్లలోపు 60కి పైగా, నాలుగు మీటర్లలోపు 98కి పైగా. 2016లో ఏకాప్ తన సిఫార్సును బిగించింది: అర మీటరులోపు 40 గ్రాములు, లేదా ఒక మీటరులోపు 60, లేదా రెండు మీటర్లలోపు 80. బరువు మూడున్నర మీటర్ల దూరంలో ఉంటే ముందు అది మునుగుతుంది, మధ్య తాడు బిగిసేదాకా గాలం పైనే తేలుతుంది. పిట్టకు కావాల్సింది ఆ వ్యవధే. అందుకే దూరం తగ్గించారు. మీ ప్రాంతంలో ఇప్పుడు చెల్లే అంకెలను కాగితం మీద రాసుకుని వెళ్లండి.

కొలిచే తీరు ఇదీ. బ్రాంచ్ లైన్లు పెట్టెల్లోనో బుట్టల్లోనో చుట్టలుగా ఉంటాయి. పై వరుసలో, తలుపు దగ్గర ఉన్న పెట్టె మీకోసం పెట్టిందే అనుకోండి. వెనక నుంచి, కింద నుంచి ఐదు పెట్టెలు మీరే ఎంచుకోండి. ఒక్కోదాంట్లో పది తాళ్లు లాగండి. గాలం కన్ను నుంచి బరువు దాకా టేపు పట్టండి, తాడును సాగదీయకుండా. ఒకటి రెండు బరువులను చిన్న డిజిటల్ కాటా మీద తూయండి, పైన అచ్చొత్తిన అంకెను నమ్మి వదిలేయొద్దు. సొరచేప కొరికేసి బరువు పోయిన తాళ్లు కొన్ని ఉండటం మామూలే. యాభైలో రెండు మూడు లేకపోతే అరుగుదల, ఇరవై లేకపోతే అలవాటు.

ఓడవాళ్ల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది, కొట్టిపారేయకూడనిది. చేపను లాగేటప్పుడు తాడు బాగా బిగిసి ఉంటుంది. గాలం ఊడినా, సొర కొరికినా సీసపు గుండు తుపాకి తూటాలా వెనక్కి ఎగిరి వస్తుంది. దానివల్ల గాయపడ్డవాళ్లున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. బిగుతు వదిలినప్పుడు తాడు మీద జారిపోయే రకం బరువులు ఈ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. బరువులు లేని ఓడ కనిపిస్తే ‘ఎందుకు లేవు?’ అని అడిగి చూడండి. చాలాసార్లు డబ్బు మాట కన్నా ముందు ఈ భయమే బయటికొస్తుంది.

## రాత్రి సెట్టింగ్: కాగితాల్లో పట్టుకోవాల్సిందే

ఆల్బట్రాస్‌లు ఎక్కువగా పగలే మేస్తాయి, కాబట్టి చీకట్లో గాలాలు వేస్తే చాలావరకు తప్పించుకుంటాయి. వైట్‌చిన్డ్ పెట్రెల్ రాత్రిపూట కూడా మేస్తుంది, నిండు వెన్నెల్లో మిగతావీ దిగుతాయి. కొనడానికి ఏమీ లేదు కాబట్టి యజమానికి ఖర్చు తక్కువ. రేవులో చూపించడానికీ ఏమీ లేదు.

రాత్రి అంటే ఇక్కడ సూర్యాస్తమయం కాదు. నాటికల్ సంధ్య ముగిశాక మొదలుపెట్టి, తెల్లవారుజాము నాటికల్ సంధ్య రాకముందే ముగించాలి. సూర్యుడు క్షితిజానికి 12 డిగ్రీల కింద ఉండే ఘడియ అది. లాగ్‌బుక్‌లో రాసిన తేదీ, చోటు తీసుకుని ఆ రోజు ఆ ఘడియ ఎప్పుడో లెక్కకట్టి పోల్చాలి.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. చాలా ఓడలు తమ దేశపు గడియారంతోనే లాగ్‌బుక్ రాస్తాయి. దక్షిణాఫ్రికాకు దిగువన వేటాడుతూ జపాన్ సమయం రాసే ఓడ ‘రాత్రి 11 గంటలకు సెట్టింగ్ మొదలు’ అంటే అక్కడ సాయంత్రం 4 గంటలే, ఎండ ఇంకా ఉంటుంది. అదే ఓడ ‘ఉదయం 6’ అని రాస్తే అక్కడ రాత్రి 11. గడియారం ఏదో తెలుసుకోకుండా నేరం మోపితే అమాయకుడు ఇరుక్కుంటాడు, దొంగ తప్పించుకుంటాడు.

ఇంకో లెక్క. గాలానికి ఆరు సెకన్ల చొప్పున వేస్తే 3,000 గాలాలకు ఐదు గంటలు పడుతుంది. వేసవిలో దక్షిణానికి పోయేకొద్దీ రాత్రి కురచవుతుంది. మూడున్నర గంటల్లో 3,000 గాలాలు వేసినట్టు వరుసగా ఇరవై రోజులు రాసి ఉంటే ఆ పేజీలను మళ్లీ చూడాలి. వీఎంఎస్‌లో వేగం మారిన తీరు దీనికి తోడు సాక్ష్యం, కానీ అది నాలుగు గంటలకోసారే సంకేతం పంపే రకమైతే మధ్యలో ఏం జరిగిందో చెప్పదు. కెమెరా ఉన్న ఓడైతే టైము ముద్రతో బొమ్మ దొరుకుతుంది, పని సులువు.

## గాలం కవచం

హుక్‌పాడ్ అనే ప్లాస్టిక్ తొడుగు గాలం మొనను మూసి ఉంచి, తగినంత లోతుకు వెళ్లాక నీటి ఒత్తిడికి తెరుచుకుంటుంది. స్మార్ట్ ట్యూనా హుక్ మీది ఉక్కు కవచం ఉప్పునీటిలో క్లిప్ కరిగాక ఊడిపోతుంది. కనీసం 10 మీటర్ల లోతు దాకా గానీ, 10 నిమిషాల దాకా గానీ మొన మూసి ఉంచాలన్నది ఏకాప్ షరతు.

మొదటి రకాన్ని మళ్లీ మళ్లీ వాడతారు కాబట్టి తాళ్ల సంఖ్యతో పోల్చి లెక్కపెట్టండి, పగిలినవి ఎన్నో చూడండి, నాలుగైదు మూసి తెరవండి. సరైన లోతులోనే తెరుచుకుంటుందా అన్నది రేవులో తేలదు. రెండో రకం వాడితే పోతుంది, కాబట్టి లెక్క ఇంకా తేలిక: కొన్నవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, లాగ్‌బుక్‌లో వేసిన గాలాలు ఎన్ని? ఈ మూడూ కలవాలి. కిరాణా కొట్టు సరుకు లెక్క లాంటిదే.

## వెళ్లేటప్పుడా, వచ్చాకా?

వెళ్లేముందు తనిఖీ చేస్తే లోపం సరిదిద్దవచ్చు, పిట్టలు బతుకుతాయి. వచ్చాక చేస్తే అరుగుదల కనిపిస్తుంది, సాక్ష్యం దొరుకుతుంది. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి చుట్టూ టూత్‌ఫిష్ వేటకు ఓడలను లైసెన్సు ఇచ్చే ముందే తనిఖీ చేస్తారు. ఇలాంటి కట్టుబాట్లకు తోడు వేట కాలాన్ని చలికాలానికి మార్చాక, అక్కడ వేలల్లో ఉన్న పక్షుల చావులు దాదాపు సున్నాకు వచ్చాయి. ఒక్కటే చేయగలిగితే టోరీ లైన్‌ను వచ్చాక, బరువులను వెళ్లేముందు చూడమంటాను. కొత్త టోరీ లైన్ వెళ్లేటప్పుడు ఎవరి దగ్గరైనా ఉంటుంది.

## మీరెవరన్నదాన్ని బట్టి

తనిఖీ అధికారి అయితే లాగ్‌బుక్, వీఎంఎస్ పని ముందురోజే ఆఫీసులో ముగించండి. ఓడ మీద మొదటి గంట బరువులకు, తర్వాతి అరగంట టోరీ లైన్‌కు. మిగిలిన సమయం మాటలకు.

షరతులు రాసేవారు అయితే ‘మూడింటిలో రెండు’ అన్న నిబంధనలో ఒక కిటుకు గమనించండి. ఎంపిక ఓడకే వదిలేస్తే అది టోరీ లైన్, రాత్రి సెట్టింగ్ ఎంచుకోవచ్చు. రేవులో తేల్చలేనివి సరిగ్గా ఆ రెండే. ఏ రెండు పాటిస్తారో బయల్దేరే ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కుదిరితే వాటిలో ఒకటి బరువులే కావాలని షరతు పెట్టండి. రాత్రి సెట్టింగ్ ఎంచుకున్న ఓడకు కెమెరా తప్పనిసరి చేయడం అన్యాయమేమీ కాదు.

ఓడ యజమాని అయితే జారే బరువులు మీకు రెండు విధాలా లాభం. పనివాళ్లకు భద్రత, రేవులో వాదన లేకపోవడం. పిట్ట తిన్న ప్రతి ఎరా ట్యూనాకు అందని ఎరే. తరచూ వేటస్థలం మార్చే ఓడైతే, పసిఫిక్ నిబంధనలో కవచం ఒక్కటే చాలన్న వెసులుబాటును దాని ధరతో బేరీజు వేసుకోండి.

చేప కొనేవారు అయితే ఒక సంగతి మరవొద్దు. చేప రేవుకు వచ్చిందంటే పట్టిన ఓడ వచ్చినట్టు కాదు. నడిసముద్రంలోనే చేపను రవాణా ఓడలోకి ఎక్కించి, లాంగ్‌లైన్ ఓడ ఏడాదికి పైగా రేవు ముఖం చూడకుండా తిరగొచ్చు. అలాంటి ఓడకు రేవు తనిఖీ కాగితం అడిగితే పాతదే చేతికొస్తుంది. తేదీ చూడండి. హిందూ మహాసముద్రంలో ఓడ మీద ఉండే పరిశీలకుల కనీస లక్ష్యం కూడా 5 శాతమే కాబట్టి, వీళ్ల నుంచి కొనేటప్పుడు కెమెరా రికార్డింగ్ అడగడమే మిగిలిన దారి.

నివేదిక రాసేటప్పుడు ‘టోరీ లైన్: ఉంది’ అని టిక్కు పెట్టి వదలొద్దు. ఇలా రాయండి: ‘గుంజ ఎత్తు 7.6 మీటర్లు, చేపలు దించకముందు కొలిచినది. స్ట్రీమర్లు 17, వాటిలో నాలుగు సగానికి తెగినవి. బరువులు: ఐదు పెట్టెల నుంచి 50 తాళ్లు, 47కు ఉన్నాయి, గాలం నుంచి 0.9 మీటరు, తూకం 60 గ్రాములు. లాగ్‌బుక్ గడియారం: యూటీసీ+9 (జపాన్ సమయం).’ వచ్చే ఏడాది ఇదే ఓడ ఇంకో దేశపు రేవుకు వెళ్తే, అక్కడి అధికారి పోల్చి చూసుకోవడానికి ఈ అంకెలే పనికొస్తాయి.